పోలీస్ స్టేషన్ నుంచి తీర్పు దాకా ఏది ధర్మం, ఏది కాదు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రిమినల్ కేసు ఒకటి ఇంటి గడప తొక్కిందంటే అందరికీ వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. ఎస్సై గారు ఇలా అన్నారు, అనొచ్చా? లాయరు గారు ఇంత అడిగారు, అడగొచ్చా? క్రిమినల్ కోర్టుల్లో పనిచేసే నాకు ఈ ప్రశ్నలు ఫోన్లో, కోర్టు వరండాలో, పెళ్ళిళ్ళలో కూడా ఎదురవుతుంటాయి. అందుకే ఒక్కచోట కూర్చి పెట్టాను. మీకు ఏ దశలో సందేహం ఉంటే అక్కడికే వెళ్ళి చదువుకోండి.

2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో బీఎన్‌ఎస్ (నేరాలు, శిక్షల చట్టం), బీఎన్‌ఎస్‌ఎస్ (పోలీసులు, కోర్టులు పాటించాల్సిన పద్ధతుల చట్టం), బీఎస్‌ఏ (సాక్ష్య చట్టం) వచ్చాయి కాబట్టి సెక్షన్ నంబర్లు కొత్తవే ఇచ్చాను. ఆ తేదీకి ముందు జరిగిన నేరమైతే దానికి పాత ఐపీసీయే వర్తిస్తుంది.

## ఫిర్యాదు దశ

ఎస్సై గారు "ఇది మా ఏరియా కాదు, ఆ స్టేషన్‌కి వెళ్ళండి" అంటున్నారు. వెళ్ళాల్సిందేనా?

అక్కర్లేదు. వారెంట్ లేకుండా అరెస్టు చెయ్యగలిగే నేరమైతే, అది ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ చెప్తోంది. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది దీన్నే. కట్టిన తర్వాత దాన్ని సంబంధిత స్టేషన్‌కి పంపుకోవడం వాళ్ళ పని, మీది కాదు. ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు పంపొచ్చు, కాకపోతే మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం పెట్టాలి.

కంప్లైంట్ తీసుకున్నారు గానీ ఎఫ్‌ఐఆర్ కట్టలేదు. "ఎంక్వైరీ చేస్తున్నాం" అంటున్నారు. ఎన్నాళ్ళు ఆగాలి?

లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది: వారెంట్ లేకుండా అరెస్టు చెయ్యగలిగే నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. ఇప్పుడు కొత్త చట్టం మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలకు చిన్న వెసులుబాటు ఇచ్చింది. డీఎస్పీ అనుమతి ఉంటే ముందుగా ప్రాథమిక విచారణ చెయ్యొచ్చు, అదీ 14 రోజుల్లోనే ముగించాలి. అంతకు మించి తిప్పుతుంటే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి గానీ కమిషనర్‌కి గానీ పంపండి. అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేసుకోవచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. అత్యాచారం లాంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోని అధికారికి బీఎన్‌ఎస్ 199 కింద జైలుశిక్షే ఉంది. ఈ సంగతి మర్యాదగా గుర్తు చేస్తే చాలాచోట్ల పని జరుగుతుంది.

స్థలం తగాదాలో సీఐ గారు ఇద్దరినీ పిలిచి "ఇక్కడే తేల్చుకోండి" అంటున్నారు. పోలీసులు సెటిల్ చెయ్యొచ్చా?

చెయ్యకూడదు. హద్దులు, అప్పులు, అద్దెలు, వాటాలు సివిల్ కోర్టు చూడాల్సినవి. కొట్లాట జరిగితేనో, దొంగ పత్రాలు పుట్టిస్తేనో ఆ నేరం మేరకే పోలీసుల పని. స్టేషన్‌లో ఒక పక్షం మీద ఒత్తిడి పెట్టి రాయించిన ఒప్పందాలు తర్వాత కోర్టులో నిలబడక, రెండు వైపులా ఇంకో పదేళ్ళ కేసు మిగులుతుంది. పిలిస్తే వెళ్ళండి గానీ, "మాది సివిల్ తగాదా, కోర్టులో చూసుకుంటాం" అని రాతపూర్వకంగా ఇచ్చి రండి.

స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్ "స్టేషనరీ ఖర్చులకి" అని అడిగాడు. ఇస్తే నేనూ నేరస్తుడినేనా?

2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే. అయితే తప్పనిసరి పరిస్థితిలో ఇచ్చినవాళ్ళు ఏడు రోజుల్లోగా పోలీసులకు గానీ ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) గానీ చెప్తే వాళ్ళకు రక్షణ ఉంది. ఇవ్వకముందే ఏసీబీకి చెప్పి, వాళ్ళ సూచన ప్రకారం ఇచ్చినవాళ్ళకూ అంతే. తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

లంచం తీసుకుంటుండగా ఏసీబీ పట్టుకునే ట్రాప్ ఎలా ఉంటుందో తెలియక చాలామంది భయపడతారు. మీరు తెచ్చిన నోట్ల నంబర్లు మధ్యవర్తుల సమక్షంలో రాసుకుంటారు, నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. అడిగిన మనిషి వాటిని తీసుకున్నాక అతని వేళ్ళను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో ముంచుతారు. నీళ్ళు గులాబీ రంగుకి మారతాయి. ఆ నీళ్ళను సీసాలో పోసి సీలు వేస్తారు. మీరు చెయ్యకూడనిది ఒక్కటే: అడగకముందే నోట్లు చేతిలో పెట్టడం.

## అరెస్టు, కస్టడీ దశ

స్టేషన్ నుంచి ఫోన్ చేసి "ఒకసారి వచ్చి వెళ్ళండి" అంటున్నారు. వెళ్ళకపోతే?

సాక్షిగా పిలవాలన్నా, నిందితుడిగా పిలవాలన్నా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నిందితులకు ఇచ్చేది బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు. అది వస్తే మాత్రం తప్పక హాజరవ్వండి. హాజరవుతున్నంత కాలం, రాతలో కారణం నమోదు చెయ్యకుండా అరెస్టు చెయ్యకూడదు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో అలవాటుగా అరెస్టు చెయ్యొద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు కూడా చెప్పింది. ఇక సాక్షుల విషయానికొస్తే, మహిళలను, 15 ఏళ్ళ లోపు బాలురను, 60 దాటినవాళ్ళను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్ళను స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు. వాళ్ళు ఉన్న చోటికే పోలీసులు రావాలి.

అరెస్టు చేసేటప్పుడు పోలీసులు తప్పనిసరిగా చెయ్యాల్సినవి ఏమిటి?

చొక్కా మీద పేరు కనిపించాలి. అరెస్టు మెమో రాయాలి, అందులో తేదీ, సమయం ఉండాలి, ఇంటివాళ్ళో ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఇంట్లో ఒకరికి కబురు చెప్పాలి. డాక్టరు పరీక్ష చేయించాలి, ఆ రిపోర్టు కాపీ ఇవ్వాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాల్లో చాలావరకు ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో ఆ కారణాలను మనిషికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని నేరాలకూ వర్తింపజేసింది. మేజిస్ట్రేట్ ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందు ఆ కాగితం చేతికి రావాలి. అసాధారణ పరిస్థితిలో తప్ప మహిళలను చీకటి పడ్డాక, తెల్లవారక ముందు అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి.

మావాణ్ణి తీసుకెళ్ళి రెండు రోజులైంది. స్టేషన్‌లో అడిగితే "మా దగ్గర లేడు" అంటున్నారు. ఏం చెయ్యాలి?

ప్రయాణ సమయం తీసేస్తే 24 గంటలకు మించి మేజిస్ట్రేట్ ముందు పెట్టకుండా ఎవరినీ ఉంచకూడదని రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. అరెస్టు చూపించకుండా రోజుల తరబడి ఉంచుకుని, తర్వాత "ఈ ఉదయమే బస్టాండు దగ్గర పట్టుకున్నాం" అని రాయడం మన దగ్గర కొత్త కాదు. దీన్ని దెబ్బతీసేది కాగితమే. తీసుకెళ్ళిన తేదీ, సమయం, వచ్చిన బండి వివరాలు రాసి అదే రోజు ఎస్పీకి, మేజిస్ట్రేట్‌కి, హైకోర్టు రిజిస్ట్రార్‌కి ఈమెయిల్ పంపండి. తర్వాత ఎవరు ఏ సమయం రాసుకున్నా మీ ఈమెయిల్ సమయం మారదు. పక్క షాపు సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే అడిగి కాపీ తీసుకోండి. మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేయొచ్చు. లాయరుకు డబ్బు లేకపోతే జాతీయ న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

దొంగ మర్యాదగా అడిగితే చెప్తాడా? నాలుగు తగిలిస్తే తప్పేంటి?

ఈ ప్రశ్న బాధితుల ఇళ్ళలోంచే ఎక్కువగా వస్తుంది. వాళ్ళ కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ ఆలోచించండి. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. బీఎస్‌ఏ 23వ సెక్షన్ అలా రాసింది, అంతకుముందు బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి సాక్ష్య చట్టమూ అదే చెప్పింది. నిందితుడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించిన మేరకే ఆ మాట పనికొస్తుంది.

అంటే దెబ్బలతో వచ్చేది సాక్ష్యం కాదు, దెబ్బలు ఆపించుకోవడానికి మనిషి చెప్పే ఏదో ఒక కథ. అసలు చేసినవాడు బయట హాయిగా తిరుగుతుంటాడు. కేసు కోర్టులో వీగిపోయాక బాధితుల కుటుంబానికి మిగిలేది ఏమీ ఉండదు. ఒప్పించడం కోసం కొట్టడం బీఎన్‌ఎస్ 120 కింద ఏడేళ్ళ దాకా, గాయాలు తీవ్రమైతే పదేళ్ళ దాకా శిక్ష పడే నేరం. నార్కో పరీక్ష, లై డిటెక్టర్ కూడా మనిషి ఇష్టం లేకుండా చెయ్యకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టి ఫుటేజీ 18 నెలలు భద్రపరచాలని 2020లో ఆదేశించింది. కొట్టారన్న అనుమానం ఉంటే ఆ ఫుటేజీ భద్రపరచమని మొదటి రిమాండు రోజే మేజిస్ట్రేట్‌ని అడగండి, ఒంటి మీద దెబ్బలు చూపించండి. ఆ రోజు మౌనంగా ఉంటే తర్వాత చెప్పినా నమ్మడం కష్టం.

తెల్ల కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాలా?

వద్దు. పోలీసులు దర్యాప్తులో రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే అంటోంది. ఇక సోదాలు, జప్తులను ఆడియో, వీడియో రికార్డు చెయ్యాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెప్తోంది. పంచనామాలో (సోదా, జప్తు ఎలా జరిగిందో రాసే కాగితంలో) మధ్యవర్తిగా సంతకం పెట్టమంటే ముందు చదవండి, మీ కళ్ళ ముందు జరిగినదే అందులో ఉంటేనే పెట్టండి. ఇంటి దగ్గర కూర్చుని చేసిన సంతకం రేపు ఒక నిర్దోషిని జైలుకు పంపొచ్చు.

నిందితులను ముసుగు వేసి మీడియా ముందు నిలబెడుతున్నారు. ఇది సరైనదేనా?

కాదు. కోర్టు నేరం రుజువైందని చెప్పేదాకా ఆ మనిషి నిందితుడే. ప్రెస్‌మీట్‌లో "నేరం ఒప్పుకున్నాడు" అని చెప్పేది కోర్టులో చెల్లని మాట. అదే సాయంత్రం ఊరంతా తీర్పు ఇచ్చేస్తుంది, రెండేళ్ళ తర్వాత కేసు కొట్టేసినా ఆ వీడియో పోదు. సాక్షి కొందరిలోంచి నిందితుణ్ణి గుర్తుపట్టే గుర్తింపు పరేడ్ జరగాల్సిన కేసులో ముఖం ముందే చూపిస్తే ఆ పరేడ్‌కి విలువే ఉండదు. మీడియాతో పోలీసులు ఎలా మాట్లాడాలో నియమావళి తయారు చెయ్యమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది కూడా.

ఎన్‌కౌంటర్ చేస్తే జనం పూలు చల్లారు కదా. మీరు ఎందుకు తప్పంటారు?

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు (యువ పశువైద్యురాలి అత్యాచారం, హత్య) నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. ఆ నేరం ఎంత ఘోరమైనదో చెప్పక్కర్లేదు. ఆ రోజు సంతోషపడినవాళ్ళలో మన ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు ఆ నాటికి మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని చెప్పింది. తదుపరి చర్యల కోసం సుప్రీంకోర్టు దాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

ఆ నలుగురే చేశారా, ఇంకెవరైనా ఉన్నారా, ఎవరి పాత్ర ఎంత అన్నది తేల్చాల్సిన కోర్టు విచారణ ఇక ఎప్పటికీ జరగదు. బాధితురాలికి అందాల్సిన న్యాయంలో అది కూడా భాగమే. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే ఏం చెయ్యాలో 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఎఫ్‌ఐఆర్ కట్టాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ దర్యాప్తు చెయ్యాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, వెంటనే ప్రమోషన్లు, పతకాలు ఇవ్వకూడదు. చంపే అధికారం ఇవాళ మనకు నచ్చినచోట వాడారని చప్పట్లు కొడితే, రేపు మన పిల్లవాడి మీద వాడినప్పుడు అడిగే నోరు మనకు ఉండదు. ఇది నా గట్టి నమ్మకం, ఎవరు కోప్పడినా మార్చుకోలేను.

## బెయిల్ దశ

మమ్మల్ని కొట్టినవాడికి బెయిల్ ఇచ్చేశారు. కేసు పోయినట్టేనా?

కాదు. బెయిల్ అంటే విచారణ ముగిసేదాకా బయట ఉండే అనుమతి మాత్రమే, కేసు అలాగే నడుస్తుంది. దర్యాప్తు 60 లేదా 90 రోజుల్లో పూర్తికాకపోతే బెయిల్ నిందితుడి హక్కు అవుతుంది, అది పోలీసుల ఆలస్యం వల్ల వచ్చినది. బెయిల్ మీద వచ్చినవాడు బెదిరిస్తే ఆ వివరాలతో రద్దు కోరొచ్చు. మన దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్ళే.

బెయిల్ వచ్చింది గానీ జామీను ఇచ్చేవాళ్ళు లేరు. జైల్లోనే ఉండాలా?

1978లో మోతీరామ్ కేసు చదివితే మనసు కదులుతుంది. ఆయన ఒక తాపీ మేస్త్రీ. పదివేలు జామీను అడిగారు, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని దాన్నీ ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో, ఆంధ్రుడో తమిళుడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు. వలస వెళ్ళే మన పాలమూరు, శ్రీకాకుళం కూలీలకు ఆ ప్రశ్న ఈ రోజుకీ అవసరమే. సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టమనో, మొత్తం తగ్గించమనో పిటిషన్ వేయండి. ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాళ్ళు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హులని బీఎన్‌ఎస్‌ఎస్ 479 చెప్తోంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులు ఉన్నవాళ్ళకు ఇది వర్తించదు. అర్హులైనవాళ్ళ గురించి కోర్టుకు దరఖాస్తు చెయ్యాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే.

## లాయరు, పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్), జడ్జి

నేరం చేశాడని తెలిసి కూడా లాయర్లు ఎలా వాదిస్తారు? మనస్సాక్షి ఉండదా?

నిందితుడి నేరం గురించి సొంత అభిప్రాయం ఏదైనా, అతని తరఫున నిలబడడం లాయరు బాధ్యత అని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ముంబయి దాడుల కేసులో కసబ్‌కి కూడా లాయరును ఇచ్చారు. అంతా సక్రమంగా జరిగింది కాబట్టే ఆ తీర్పును ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. "ఈ నిందితుడి తరఫున ఎవరూ వాదించొద్దు" అని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది.

హద్దులు ఉన్నాయి. దొంగ సాక్షిని తయారు చెయ్యడం, సాక్ష్యాన్ని మాయం చెయ్యమని సలహా ఇవ్వడం, అబద్ధమని తెలిసిన పత్రాన్ని కోర్టులో పెట్టడం వాదన కాదు, నేరం.

లాయరు గారు "పై వాళ్ళకి ఇవ్వాలి" అని విడిగా డబ్బు అడుగుతున్నారు. నిజమేనా?

అలా అడిగిన క్షణమే లాయరును మార్చుకోండి. ఎక్కువసార్లు ఆ డబ్బు ఎక్కడికీ వెళ్ళదు. బెయిల్ వస్తే "ఇచ్చాను కాబట్టి వచ్చింది" అంటారు, రాకపోతే "ఎదుటివాళ్ళు ఎక్కువ ఇచ్చారు" అంటారు. రెండు సందర్భాల్లోనూ మీరు నేరంలో ఇరుక్కుంటారు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చిన పరిహారంలో వాటా మాట్లాడుకోవడం కూడా నియమాలకు విరుద్ధం. ఫీజుకు రశీదు అడగండి. ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఇవ్వొచ్చు.

ఫీజు బాకీ ఉందని లాయరు ఫైలు ఇవ్వట్లేదు.

ఇవ్వాల్సిందే. ఫీజు కోసం క్లయింటు కాగితాలను పట్టుకుని ఉంచే హక్కు లాయరుకు లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది.

పీపీ గారు మా తరఫు లాయరే కదా, మా మాట ఎందుకు వినరు?

పబ్లిక్ ప్రాసిక్యూటర్ ప్రభుత్వం తరఫున, న్యాయం కోసం పనిచెయ్యాలి. ఎలాగైనా శిక్ష వేయించడం ఆయన పని కాదు. నిందితుడికి అనుకూలమైన కాగితం చేతిలో ఉంటే దాన్ని కూడా కోర్టు ముందు పెట్టాల్సినవాడు. మీ బాధ ప్రత్యేకంగా చెప్పుకోవాలంటే కోర్టు అనుమతితో మీరే ఒక లాయరును పెట్టుకుని పీపీకి సహాయపడొచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులు మీకు తెలియజేయాలి.

## విచారణ, సాక్ష్యం

నేను సాక్షిని. "కోర్టులో ఏమీ చూడలేదని చెప్పు" అని బెదిరిస్తున్నారు. భయంగా ఉంది.

భయపడడం సహజం. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం దేశమంతటా అమల్లో ఉండాలి. పీపీ ద్వారానో, లాయరు ద్వారానో దరఖాస్తు ఇస్తే ప్రమాదం ఎంతో పోలీసుల నుంచి నివేదిక తెప్పించుకుని రక్షణ ఏర్పాటు చేస్తారు. ఇంటి దగ్గర కాపలా, ఫోన్ నంబరు మార్పించడం, కోర్టులో నిందితుడికి ఎదురుపడకుండా సాక్ష్యం ఇవ్వడం లాంటివి అందులో ఉన్నాయి. బెదిరింపు ఫోన్లు, మెసేజ్‌లు చెరపకండి. ఎదురుతిరిగి అబద్ధం చెప్తే మాత్రం తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు.

ఎదుటివాళ్ళు డబ్బిస్తాం, రాజీ పడదాం అంటున్నారు. తప్పా?

నేరాన్ని బట్టి ఉంటుంది. చిన్న కొట్లాట, తిట్లు, కొన్ని మోసం కేసుల్లో బీఎన్‌ఎస్‌ఎస్ 359 ప్రకారం రాజీ చట్టబద్ధమే, లోక్ అదాలత్‌లో ఒక్క రోజులో ముగుస్తుంది. హత్య, అత్యాచారం, పిల్లల మీద లైంగిక దాడి లాంటి వాటిలో రాజీ కుదరదు. కులపెద్దలు కూర్చోబెట్టి డబ్బు కట్టించినా కేసు పోదు. సాక్ష్యం మార్చడానికి డబ్బు తీసుకుంటే అది రాజీ కాదు.

అత్యాచార బాధితురాలికి మద్దతుగా ఆమె ఫొటో, పేరు స్టేటస్ పెట్టుకున్నాం. తప్పేముంది?

వెంటనే తీసెయ్యండి. మంచి ఉద్దేశంతో పెట్టినా బీఎన్‌ఎస్ 72 కింద రెండేళ్ళ దాకా శిక్ష పడే నేరం. ఊరు, కాలేజీ, తండ్రి పేరు ఇచ్చి గుర్తుపట్టేలా చేసినా అంతే.

## తీర్పు తర్వాత

ఏళ్ళ తరబడి జైల్లో ఉంచి చివరికి నిర్దోషి అన్నారు. ఆ ఏళ్ళకు ఎవరు బాధ్యులు?

మన తెలుగువాళ్ళకు బాగా తెలిసిన ఉదాహరణ విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో హాస్టల్‌లో జరిగిన విద్యార్థిని హత్య. పోలీసులు ఒక పేద యువకుణ్ణి నిందితుడిగా చూపారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు చెల్లించమని, దర్యాప్తు అధికారుల మీద చర్య తీసుకోమని ఆదేశించింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. ఈ యువకుడు దోషి కాడని ఆ అమ్మాయి తల్లిదండ్రులు కూడా మొదటి నుంచీ చెప్తూనే వచ్చారు. హంతకుడెవరో తేలక మళ్ళీ సీబీఐ దర్యాప్తు మొదలుపెట్టాల్సి వచ్చింది. తప్పుడు దర్యాప్తు ఒక్కటే అటు ఆ కుటుంబాన్నీ ఇటు ఈ కుటుంబాన్నీ ముంచింది.

అన్యాయంగా జైల్లో పెట్టినందుకు పరిహారం ఇచ్చే ప్రత్యేక చట్టం మనకు లేదు. అలాంటిది కావాలని 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. కారణం లేకుండా అరెస్టు చేయించినవాళ్ళ నుంచి మేజిస్ట్రేట్ ఇప్పించగలిగేది నేటికీ వెయ్యి రూపాయలే. మిగిలిన దారి హక్కుల ఉల్లంఘన మీద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్. గూఢచర్యం కేసులో అన్యాయంగా అరెస్టయిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కి 2018లో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది. రిట్ వెయ్యాలంటే తీర్పు సర్టిఫైడ్ కాపీ, జైల్లో ఉన్న కాలానికి జైలు అధికారులిచ్చే ధ్రువపత్రం, మొదటి రిమాండు రిపోర్టు, డాక్టరు రిపోర్టు చేతిలో ఉండాలి. విడుదలైన నెలలోనే వీటికి దరఖాస్తు పెట్టుకోండి. ఆలస్యమైతే పాత రికార్డులు వెతికించడమే పెద్ద పని అవుతుంది. న్యాయ సేవాధికార సంస్థ లాయరు ఈ కాగితాలు తెప్పించడంలో కూడా సహాయం చేస్తారు, దానికి ఫీజు లేదు.